సూర్యుడి గాలి, ఆర్ద్ర ధూళి

సూర్యుడు సెకనుకు పది లక్షల టన్నులకు పైగా పదార్థాన్ని సౌరపవనంగా వదిలేస్తున్నాడు. వింటే టెన్షన్ పుట్టే లెక్కే. కానీ ఈ లెక్కన 460 కోట్ల ఏళ్లు పోగొట్టుకున్నా తరిగేది ఆయన బరువులో పదివేలలో ఒక వంతే. సూర్యుడి బయటి పొర అయిన లక్షల డిగ్రీల కరోనా నుంచి సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతో వచ్చే ఈ గాలినే, 2023లో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1 కూడా కొలుస్తోంది.

మనం ఆర్ద్ర అనే బెటెల్‌జూస్ సంగతి వేరు. వందల రెట్లు ఉబ్బిన ఈ ఎర్ర తారకు పైపొరల మీద పట్టు తక్కువ. దాని గాలి బాగా నెమ్మది, పోయే సరుకు మాత్రం సూర్యుడికి కోట్ల రెట్లు. పైగా నిలకడ లేదు. ఒక్కోసారి ముద్దలు ముద్దలుగా కక్కేస్తుంది.

2019 చివర్లో అది మసకబారుతుంటే పేలిపోతుందేమోనని చాలామంది ఎదురుచూశారు. 2020 ఫిబ్రవరికల్లా మామూలు వెలుగులో సగం కూడా లేదు. చిలీలోని వీఎల్‌టీ టెలిస్కోప్ తీసిన ఫొటోల్లో దక్షిణ భాగమే నల్లబడింది. తారలోంచి ఎగసిన వాయువు చల్లబడి, ధూళిగా మారి మనకు అడ్డొచ్చింది. ఏప్రిల్‌కి మళ్లీ వెలిగింది.