వ్యాన్‌ల సంసారం: ఏవి పనికొస్తున్నయ్, ఏవి అటకెక్కినయ్

హన్మకొండల పాత ట్రావెలర్ వ్యాన్ ఒకటి కొని వెనక సీట్లు పీకేయించి మంచం, వంటకు ఒక బల్ల పెట్టించుకున్నం. మేడారం, లక్నవరం, రామప్ప, బొగత జలపాతం, కాళేశ్వరం, అటు ఆదిలాబాద్ దాకా ఇంటిల్లిపాది దాంట్లనే తిరుగుతున్నం. యూట్యూబ్‌ల ఫారినోళ్ల బండ్లు చూసి అవే సామాన్లు ఆర్డర్ పెట్టేటోళ్లు జర ఆగి ఇది చదవండ్రి, వాళ్ల ఎండ వేరు మన ఎండ వేరు, వాళ్లు బ్రెడ్డు తిని పడుకుంటరు మనకు అన్నం దిగాలె.

ముందు కరెంటు. మాది 12 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లిథియం బ్యాటరీ, నిండుగ ఉంటే సుమారు 1280 వాట్ అవర్లు, అంటే 100 వాట్ల సామాను పన్నెండు గంటల పైన నడిచేంత, దానికి ఇంట్ల కరెంటు లెక్కనే ఇచ్చే 1000 వాట్ల ప్యూర్ సైన్ ఇన్వర్టర్, టాప్ మీద 200 వాట్ల సోలార్ ప్లేటు. వేడి చేసే సామాను ఏదైనా సరే బ్యాటరీని తాగేస్తది. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి అంటే బ్యాటరీ దిక్కు నుంచి 160 ఆంపియర్ల పైనే గుంజుతది, దానికి సరిపోయే ఇన్వర్టరు, మందం వైరు పెట్టే పైసలతోని ఎన్ని సిలిండర్లు వస్తయో మీరే లెక్క చూసుకోండ్రి. కెటిల్ కూడ అంతే, లీటరు నీళ్లు మరగాలంటే దగ్గర దగ్గర 100 వాట్ అవర్లు పాయె. కాటేజీ తీసుకొని దిగిన రోజు మాత్రం కెటిల్ పనికొస్తది, 16 ఆంపియర్ల సాకెట్ ఉన్నదా లేదా చూసుకొని పెట్టండ్రి. జంక్షన్ బాక్సు వైరు చుట్ట మీదనే లోడ్ ఇయ్యొద్దు, మొత్తం విప్పాలె, చుట్టల వేడి బయటికి పోదు, వైరు కరుగుతది.

అందరు వద్దు వద్దు అన్న మిక్సీ మాత్రం మస్తు పనికొస్తున్నది. 500 వాట్లు అని భయపడతరు గని పచ్చడికి రెండు నిమిషాలు తిప్పితే 20 వాట్ అవర్లు కూడ కావు. చిన్న జారు ఒక్కటి చాలు. తక్కువ రేటుకు వస్తదని మాడిఫైడ్ సైన్ ఇన్వర్టర్ (ఇంటి కరెంటు లెక్క సాఫుగ ఇయ్యనిది) కొంటే మోటరు గుర్రుమని వేడెక్కుతది, ఆ బేరం పెట్టుకోవద్దు.

ఫ్రిజ్ కొనేటట్టుంటే కంప్రెసర్ ఉన్నదే కొనండ్రి. కార్ల సిగరెట్ సాకెట్‌కు పెట్టే చిన్న కూలర్ డబ్బాలు బయటి వేడికన్న ఒక 20 డిగ్రీలే తగ్గిస్తయ్. మే నెలల మన దగ్గర 44 ఉంటది, ఎండల నిలబెట్టిన బండిల ఇంకా ఎక్కువ, ఇగ పాలు విరగక ఏమైతయ్? మా 40 లీటర్ల కంప్రెసర్ డబ్బా నడిచినప్పుడు 50 వాట్ల దాకా తింటది, చల్లబడితే ఆగుతది. పెరుగు, పాలు, మటన్ పెడతం, నీళ్ల బాటిళ్లు పెట్టనియ్యను, పిల్లలతోని రోజు అదే లొల్లి.

వంటకు 5 కిలోల సిలిండర్, సింగిల్ బర్నర్, మూడు లీటర్ల కుక్కర్. ఇంతకు మించి ఏం అక్కర్లేదు. కుక్కర్ల కింద పప్పు, పైన గిన్నెల బియ్యం, పక్కకు పచ్చిపులుసు కలిపితే దానికి పోపు తప్ప పొయ్యితో పనే లేదు. గ్యాస్ గాలికన్న బరువు, లీకైతే కిందనే పేరుకుంటది, అందుకే అలారం నేలకు దగ్గర బిగించినం, వంట మాత్రం తలుపు బయట్నే. నూనె డబ్బా కోసి మా ఆమె పొయ్యి చుట్టు రేకు అడ్డం చేసింది, లక్నవరం చెరువు గట్టు మీద గాలికి అది లేకుంటే చాయ్ కూడ కాగదు.

రేటుకు తగ్గ సామాను అంటే నీళ్ల క్యాను మీద పెట్టే చార్జింగ్ పంపు. 20 లీటర్ల క్యాను వంచే పనే లేదు, బటన్ నొక్కితే చెంబుల పడతయ్, మా అత్తమ్మ నడుము నొప్పి మనిషి, ఆమె దాన్ని ఎవ్వలకు ఇయ్యది. లోపలి గొట్టం మాత్రం నెలకోసారి తీసి కడగాలె, పాకురు పడతది.

డబ్బాలు స్టీలువి, క్లిప్పు ఉన్నవి. తాడ్వాయి దిక్కు కోతులు ప్లాస్టిక్ మూతలు మనకన్న ముందు తీస్తయ్, సకినాల వాసన దూరం నుంచే పడతయ్. దోమతెర లేకుంటే ఏటూరునాగారం అడవుల పండుకునుడు మర్చిపోండ్రి. మడత కుర్చీలు అటక మీదున్నయ్, చాప ఏస్తే నలుగురం కూసుంటం.

ఇంకోటి, బొగత చూడాలంటే వానకాలమే, ఆ మబ్బులకు సోలార్ దాదాపు ఏం ఇయ్యది, ఫ్రిజ్ తెల్లారేసరికి బ్యాటరీని బాగ దించుతది. ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీని నింపే డీసీ టు డీసీ చార్జర్ పెట్టించినంక ఆ తిప్పలు పోయింది. పైసలు ఒక్కదానికే ఉంటే ముందు అదే పెట్టించుకోండ్రి, ఫ్రిజ్ తర్వాత చూసుకోవచ్చు.