ఈస్టర్ గుడ్ల అలంకరణ: అసలు పెంకా, కొయ్య గుడ్డా, కాగితపు గుజ్జా?

ఈస్టర్‌కు రంగులద్దిన గుడ్లు ఒక్క పూట ముచ్చటతో సరిపెట్టుకోకుండా, ఏటా పెట్టెలోంచి తీసి మళ్లీ వేలాడదీసుకునేవిగా ఉండాలంటే, ఏ రంగు వాడాలన్న దానికన్నా ముందు ఆ రంగును దేనిపై వేయాలన్నది తేల్చుకోవాలి. ఉడికించిన గుడ్డు పాడైపోతుంది కనుక ఈ లెక్కలోకి రాదు. ప్లాస్టిక్ గుడ్డు నున్నగా ఉండి, వేసిన రంగు గోటితో గీకితే పొరగా ఊడి వస్తుంది కనుక దాన్నీ పక్కన పెడుతున్నాను. ఇక మిగిలినవి సొన తీసేసిన అసలు పెంకు, కొయ్య గుడ్డు, కాగితపు గుజ్జు గుడ్డు.

అందం విషయంలో అసలు పెంకుకు సాటి లేదు. జర్మనీలో ఈస్టర్ సమయంలో కొమ్మలకు కట్టే గుడ్లు ఎక్కువగా ఇలా ఖాళీ చేసినవే. మన ఫారం గుడ్లు తెల్లగా ఉంటాయి కనుక అడుగు పూత అవసరం లేకుండానే రంగు నిలుస్తుంది. గుడ్డును శుభ్రంగా కడిగి, రెండు కొనలకూ దబ్బనంతో రంధ్రాలు చేసి, కింది రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, దబ్బనాన్ని లోపల తిప్పి పచ్చసొనను చిదిపిన తరువాత, సూది లేని సిరంజితో పై నుంచి గాలి పంపితే సొన గిన్నెలోకి జారుతుంది. నోటితో ఊదడం పాత పద్ధతే అయినా, పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే రోగకారక బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది కనుక సిరంజే క్షేమం. ఆ సొనతో ఆమ్లెట్ వేసుకోవచ్చు. పెంకు లోపలి భాగాన్ని సబ్బు నీటితో రెండు మూడు సార్లు కడిగి, తలకిందులుగా పెట్టి రెండు రోజులు ఆరనివ్వాలి. తొలిసారి నేను ఒక్కసారి కడిగి ఊరుకున్నందున, మర్నాటికల్లా చీమల బారు దారం పట్టుకుని గుడ్డులోకి నడిచింది.

ఉక్రెయిన్ వారి పీసంకా పద్ధతికి మాత్రం ఈ క్రమం తిరగబడుతుంది. 2024లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఆ కళ మన బాతిక్ బట్టల పద్ధతికి దగ్గరిది. కరిగిన తేనెమైనంతో గీతలు గీసి, లేత రంగు నుంచి ముదురు రంగుకు వరుసగా ముంచి, చివరకు కొవ్వొత్తి సెగన మైనం తుడుస్తారు. ఖాళీ పెంకు రంగునీటిలో మునగక తేలుతుంది కనుక, నిండు గుడ్డుకే రంగులన్నీ వేసి, వార్నిష్ పూసి, ఆ తరువాతే సొన తీయడం మేలు; వార్నిష్ లేకుంటే కారిన తెల్లసొన రంగును చెరిపేస్తుంది. ఆ రంగులు తినదగినవి కాకపోతే సొనను పారబోయవలసిందే. అక్కడ నిండు గుడ్డును అలాగే ఏళ్ల తరబడి ఎండనిచ్చే ఆచారం కూడా ఉంది గాని, లోపల వాయువు చేరి పగిలితే వచ్చే కంపును తలచుకుంటే మన ఎండలకు ఆ సాహసం వద్దనే అంటాను.

పెంకుకున్న లోపం ఒక్కటే: దాని మందం మిల్లీమీటరులో మూడో వంతు. చిన్న పిల్లలున్న ఇంట్లో కొయ్య గుడ్డే నిలుస్తుంది. ఉప్పు కాగితంతో రుద్ది, తెల్ల ప్రైమర్ రెండు పూతలు వేసి, ఆరిన తరువాత అక్రిలిక్ రంగు వేస్తే, కింద పడినా సొట్ట పడుతుందే తప్ప పగలదు. రంగు పాతబడితే రుద్దేసి మళ్లీ వేసుకోవచ్చు. పెంకుతో ఆ అవకాశం లేదు. లక్క బొమ్మలకు పేరున్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్‌పై తిప్పుతూ, ఆ రాపిడి వేడికే కరిగే లక్కతో రంగు పట్టించి, మొగలి ఆకుతో మెరుగు పెడతారు. అలాంటి లక్క పూత ఉన్న కొయ్యపై అక్రిలిక్ సరిగా పట్టదు కనుక, మనమే రంగు వేయదలిస్తే పూత లేని కొయ్యనే తెచ్చుకోవాలి. అయితే కొయ్య గుడ్డు ఖాళీ పెంకుకన్నా చాలా బరువు. సన్నని కొమ్మకు నాలుగు కడితే కొమ్మ వంగిపోతుంది. అది పళ్లెంలో, బుట్టలో పెట్టుకోవడానికే తగినది.

చిన్న బెలూన్‌పై మైదా బంకతో కాగితపు ముక్కలు అతికించి చేసే గుడ్డుకు ఖర్చు దాదాపు లేదు, కావలసినంత పెద్దదిగానూ చేసుకోవచ్చు. కానీ వానాకాలపు తేమకు బూజు పడుతుంది, మైదా వాసనకు బొద్దింకలు చేరతాయి. పుస్తకాలు బైండు చేసేవారు బంకలో మైలుతుత్తం కలిపేది ఇందుకే. అది విషం కనుక పిల్లల చేతికి వచ్చే వస్తువులో కలపకూడదు. ఒకటి రెండేళ్లకు మించి దాచాలనుకునేవారికి దీన్ని సిఫారసు చేయలేను.

మా ఇంట్లో అందని ఎత్తున కొమ్మకు పెంకులు, కింద బుట్టలో కొయ్య గుడ్లు పెడుతున్నాం. పెంకుకు దారం కట్టడానికి సగం విరిచిన అగ్గిపుల్ల నడుమ ముడి వేసి, పుల్లను పై రంధ్రంలోకి నిలువుగా దూర్చి దారం లాగితే అది లోపల అడ్డం తిరిగి పట్టుకుంటుంది. పండుగ కాగానే ఆ దారాలు విప్పకుండానే, గుడ్లు కొన్నప్పుడు వచ్చిన అట్టలోనే ఒక్కో గుంతలో ఒక్కో పెంకును దూది మీద పెట్టి, అటక మీది వేడి తగలకుండా బీరువా అడుగు అరలో సర్దుతాను.