క్రోనీ: ఏళ్ల తరబడి వాడాక, ముఖ్యంగా ఆ డ్రిఫ్ట్ ఫైల్ గురించి

టైమ్ సింక్‌కి, అంటే కంప్యూటర్ గడియారాన్ని నెట్‌లోని టైమ్ సర్వర్లతో సరిచూసి దిద్దడానికి, ఏ ప్రోగ్రామ్ పెట్టుకోమంటారని ఎవరైనా అడిగితే నా నోటివెంట మొదట వచ్చేది క్రోనీ పేరే. ఎలా ఇన్‌స్టాల్ చేయాలి, సర్వర్ పేరు ఎక్కడ రాయాలి అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. నాకు దానిమీద ఇంత ఇష్టం ఏర్పడడానికి కారణం కాన్ఫిగ్‌లో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక్క లైను. అదే డ్రిఫ్ట్‌ఫైల్.

కంప్యూటర్ గడియారాన్ని నడిపేది ఒక క్వార్ట్జ్ క్రిస్టల్. ఏ కంప్యూటర్‌లోని క్రిస్టలూ కచ్చితంగా నడవదు. 20 పీపీఎం తేడా, అంటే పది లక్షల్లో 20 వంతులు, వినడానికి ఏమంత అనిపించదు. కానీ రోజుకు 1.7 సెకన్లు, వారం గడిస్తే 12 సెకన్లు. క్రోనీ సర్వర్‌ని అడిగి టైమ్ దిద్దేసి ఊరుకోదు. మన గడియారం ఎటువైపు, ఎంత వేగంతో తప్పుతోందో లెక్కగట్టి, ఆ మేరకు దాని నడకనే సరిచేస్తుంది. ఆ లెక్కను డ్రిఫ్ట్ ఫైల్లో దాచుకుంటుంది. తెరిచి చూస్తే రెండే అంకెలుంటాయి. గడియారం ఎన్ని పీపీఎం తప్పుతోందో మొదటిది, ఆ అంచనా ఎంత అటూఇటూ కావచ్చో రెండోది. రీబూట్ చేసినా మళ్లీ మొదటినుంచి నేర్చుకోనక్కర్లేదు.

నాకిది ఎందుకు ముఖ్యమంటే, నా బ్యాకప్ మెషీన్ ఒక పాత డెస్క్‌టాప్. దానికి నెట్ అస్తమానం ఉండదు, పనున్నప్పుడే కేబుల్ పెడతాను. ముందు వాడిన సాదా క్లయింట్‌తో, కొన్నాళ్లకు కేబుల్ పెట్టి చూస్తే తేడా సెకన్లలో ఉండేది. క్రోనీకి మారాక అదే మెషీన్ అన్నాళ్లూ ఒంటరిగా నడిచి కూడా సెకనులో చిన్న ముక్క మాత్రమే తప్పింది. క్రోనీ పరిస్థితి చూపించే క్రోనీసీ ట్రాకింగ్ కమాండ్ కొట్టి ఆ అంకె చూసినప్పుడల్లా ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

ఇక ఎన్‌టీఎస్ కథ. నెట్ మీద టైమ్ అడిగి తెచ్చుకునే పద్ధతి పేరు ఎన్‌టీపీ (నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్). మామూలు ఎన్‌టీపీ జవాబు నిజంగా ఆ సర్వర్ నుంచే వచ్చిందో లేదో తేల్చుకునే దారి మన మెషీన్‌కి ఉండదు. 2020లో ఆర్‌ఎఫ్‌సీ 8915 అనే ఇంటర్నెట్ ప్రమాణంగా వచ్చిన ఎన్‌టీఎస్ (నెట్‌వర్క్ టైమ్ సెక్యూరిటీ) ఆ లోటు తీర్చింది. అదే ఏడాది క్రోనీ 4.0లో కూడా చేరింది. ముందు టీసీపీ 4460 పోర్టు మీద టీఎల్‌ఎస్‌తో, అంటే వెబ్‌సైట్లు వాడే భద్రమైన పద్ధతిలోనే, సర్వర్ సర్టిఫికెట్ (తానెవరో రుజువు చేసే, గడువు తేదీలున్న పత్రం) చూసి మాట్లాడి కీలు, కుకీలు (తర్వాత టైమ్ అడిగేటప్పుడు చూపే టోకెన్లు) తెచ్చుకుంటుంది, ఆ తర్వాత ఎప్పటిలాగే యూడీపీ 123 మీద టైమ్ అడుగుతుంది. సర్వర్ లైను చివర ఎన్‌టీఎస్ అని ఒక్క మాట చేరిస్తే చాలు. అన్ని సర్వర్లకూ చేర్చాను. చాలాకాలం ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది.

ఒకసారి ఆ డెస్క్‌టాప్ కొన్ని వారాలు ప్లగ్ తీసి మూలన ఉండిపోయింది. ఈలోగా మెషీన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు గడియారాన్ని నడిపే, మదర్‌బోర్డు మీది బటన్ సెల్ అయిపోయింది. ఆన్ చేసేసరికి గడియారం ఏళ్ల వెనక్కి పోయి ఉంది. పోతే పోయింది, కేబుల్ పెట్టాం కదా, క్రోనీ చూసుకుంటుందిలే అనుకుంటాం. చూసుకోలేదు. సర్వర్ల జాబితా చూపించే క్రోనీసీ సోర్సెస్ కమాండ్ కొడితే ప్రతి సర్వర్ పక్కనా ప్రశ్నార్థకమే. మామూలుగా రీచ్ కాలమ్‌లో 377 ఉంటుంది, అంటే చివరి 8 సార్లూ జవాబొచ్చిందని. ఇప్పుడక్కడ సున్నా. పింగ్ చేస్తే మాత్రం అన్నీ పలుకుతున్నాయి! లాగ్ తీస్తే అసలు సంగతి బయటపడింది: సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదట. ఏళ్ల వెనక ఉన్న మెషీన్‌కి ఈ ఏటి సర్టిఫికెట్ భవిష్యత్తులోది మరి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్న సామెత అచ్చంగా ఇదే. టైమ్ సరిగా ఉంటే గానీ సర్టిఫికెట్‌ని ఒప్పుకోదు, సర్టిఫికెట్‌ని ఒప్పుకుంటే గానీ టైమ్ సరికాదు. ప్యాకేజ్ అప్‌డేట్లూ, రిమోట్ బ్యాకప్పూ అదే కారణంతో ఆగిపోయాయి.

పాత కుకీలు డిస్క్‌లో దాచే ఏర్పాటు క్రోనీలో ఉంది. కాసేపు ఆపి మళ్లీ ఆన్ చేస్తే వాటితో నెట్టుకొస్తుంది. కానీ సర్వర్లు తమ కీలు మారుస్తుంటాయి కాబట్టి వారాల నాటి కుకీలు చెల్లవు. పక్కన ఒక మామూలు ఎన్‌టీపీ సర్వర్ పెడితే సరిపోతుందని చాలామంది సలహా ఇస్తారు. అదీ కుదరదు. రెండు రకాలూ కలిపి పెట్టినప్పుడు, ఎన్‌టీఎస్ సర్వర్లు ఔనంటే తప్ప మామూలు సర్వర్ మాటను క్రోనీ తన డిఫాల్ట్ సెట్టింగ్‌లో నమ్మదు. అలా నమ్మకపోవడమే న్యాయం కూడా.

నన్ను గట్టెక్కించింది మళ్లీ ఆ డ్రిఫ్ట్ ఫైలే. క్రోనీ సర్వీస్‌ని మైనస్ ఎస్ ఆప్షన్‌తో మొదలుపెడితే, డ్రిఫ్ట్ ఫైల్‌ని చివరిసారి ఎప్పుడు రాశారో చూస్తుంది. ఆ తేదీ ఇప్పటి గడియారం కన్నా తర్వాతిదైతే గడియారాన్ని అక్కడికి జరుపుతుంది. అంటే మెషీన్ ఆఫ్ చేసిన రోజుకి వచ్చేస్తుంది. కొన్ని వారాలు వెనకే, కానీ ఏళ్లు కాదు. ఆ తేదీకి చాలా సర్టిఫికెట్లు చెల్లుతాయి. ఒక సర్వర్ మాత్రం ఈమధ్యే కొత్త సర్టిఫికెట్ తీసుకున్నట్టుంది, దాన్ని మొదట ఒప్పుకోలేదు. మిగతావాటితో గడియారం ఒక్క ఉదుటున సరైన టైమ్‌కి దూకింది. తర్వాత కాసేపటికి ఆ మొండి సర్వర్ కూడా జాబితాలో చేరింది. నడక నేర్పడానికి పెట్టిన ఫైలు తేదీ కూడా గుర్తుపెట్టుకుంటుందని చూసి చాలా సంతోషించాను.

అయితే మెషీన్ మూడు నాలుగు నెలలు ఆఫ్‌లో ఉంటే ఈ ఉపాయం పారకపోవచ్చు. 90 రోజుల సర్టిఫికెట్లు అప్పటికి అన్నీ మారిపోయి ఉంటాయి. దానికి నోసర్ట్‌టైమ్‌చెక్ 1 అనే లైను ఉంది. మొదటిసారి గడియారం సరయ్యేదాకా సర్టిఫికెట్ తేదీలు చూడొద్దని దాని అర్థం. గడువు తీరిన పాత సర్టిఫికెట్ కీ ఎవరి చేతిలోనైనా పడితే ఆ కాసేపు మనల్ని మోసం చేయొచ్చు. నేను పెట్టలేదు. మానిటర్ లేకుండా ఎక్కడో దూరాన ఉండే మెషీనైతే పెట్టేవాణ్నేమో.

పైన డ్రిఫ్ట్ గురించి అంత పొగిడాను గానీ, ఆ లెక్క మెషీన్ ఆన్‌లో ఉన్నంతసేపే పనికొస్తుంది. ఆఫ్ చేస్తే టైమ్ చూసేది బ్యాటరీ మీది గడియారం, దాని తప్పు వేరు. గది వేడెక్కినా చల్లబడినా క్రిస్టల్ నడక మారుతుంది కూడా. అలాగే కాన్ఫిగ్‌లో మేక్‌స్టెప్ 1.0 3 అని ఉంటే, సెకను మించిన తేడాని ఒక్కసారిగా దూకించడం మొదటి 3 అప్‌డేట్లలోనే. ఆ తర్వాత పెద్ద తేడా వస్తే మెల్లగానే సర్దుతుంది. ఎంత తొందరపడినా గంట తేడాకి 12 గంటలు పడుతుంది. పాజ్ చేసి మళ్లీ లేపే వర్చువల్ మెషీన్లకు ఆ 3 బదులు మైనస్ 1 (అంటే ఎప్పుడైనా దూకొచ్చని) పెట్టుకోవడం మేలు. డేటాబేస్ నడిచే చోట మాత్రం టైమ్ అలా దూకడం మంచిది కాదు.

ఎప్పుడూ నెట్‌లో ఉండే లాప్‌టాప్‌కి ఇదంతా అక్కర్లేదు. నా లాప్‌టాప్‌లో సిస్టమ్‌తో వచ్చిన సాదా క్లయింటే ఉంది, మార్చాలని కూడా అనిపించలేదు. నాలా కేబుల్ పెట్టీ తీసీ నడిపే పాత మెషీన్ ఉన్నవాళ్లకైతే క్రోనీ తప్ప వేరేది చెప్పను. బటన్ సెల్ మార్చేశాను, అయినా ఆ మైనస్ ఎస్ ఆప్షన్ తీయలేదు.