నోటుపుస్తకం కనబడే ట్యూషన్: నేరుగా ఒక ఏడాది, ఆన్‌లైన్‌లో ఒక ఏడాది చదివించాక రాసిన సమీక్ష

మా అమ్మాయి ఏడో తరగతిలో ఉన్నప్పుడు లెక్కల కోసం ఒక ట్యూషన్ కేంద్రంలో చేర్పించాము. ఆ విద్యా సంవత్సరమంతా అక్కడికే వెళ్లింది. ఎనిమిదో తరగతి మొదలైనప్పటి నుంచి ఒక ఆన్‌లైన్ సంస్థ ద్వారా, ఒక టీచరు దగ్గర ఒక్కతే నేర్చుకుంటోంది. రెండింటిలోనూ మెచ్చుకోదగినవీ ఉన్నాయి, బాధ కలిగించినవీ ఉన్నాయి. ఏ సంస్థ పేరూ ఇక్కడ రాయడం లేదు. పిల్లలకు ట్యూషన్ పెట్టించాలని ఆలోచిస్తున్న తల్లిదండ్రులకు సంస్థ పేరు కంటే, గంటసేపు సాగే ఆ పాఠంలో అసలు ఏం జరుగుతోందన్న వివరమే ఎక్కువగా ఉపయోగపడుతుందని నా నమ్మకం.

ముందుగా ట్యూషన్ కేంద్రం గురించి. వారానికి ఐదు రోజులు, రోజుకు 90 నిమిషాలు, బ్యాచ్‌లో 14 మంది పిల్లలు. మాస్టారికి విషయం మీద గట్టి పట్టు ఉంది. ఆయన బోర్డు మీద లెక్క చేస్తుంటే గుమ్మం దగ్గర నిలబడి విన్న నాకే చక్కగా అర్థమయ్యేది. కోప్పడేవారు కాదు, క్లాసు ఎగ్గొట్టేవారు కాదు. అధ్యాయం పూర్తయ్యేసరికి అమ్మాయి నోట్సు ముత్యాల్లాంటి అక్షరాలతో నిండి ఉండేది. అయినా బడిలో పరీక్ష పెట్టిన ప్రతిసారీ మార్కులు అక్కడికక్కడే ఆగిపోయేవి. ఒక ఆదివారం నోట్సు మూసి, అందులో ఉన్న లెక్కనే అంకెలు కూడా మార్చకుండా చేయమన్నాను. మొదటి వరుస రాసి ఆగిపోయింది. అందులోని ప్రతి లెక్కా బోర్డు మీద నుంచి దిగినదే తప్ప, అమ్మాయి ఆలోచనలో నుంచి వచ్చినది కాదని నాకు అప్పుడు తెలిసింది.

ఆ క్లాసులో మాస్టారు లెక్క పూర్తిచేసి "అర్థమైందా?" అని అడిగేవారు, పిల్లలందరూ ఒక్క గొంతుతో "అర్థమైంది సార్" అనేవారు. ఆ జవాబును నమ్మడానికి లేదు. ట్యూటర్లకూ విద్యార్థులకూ మధ్య జరిగిన సంభాషణలను రికార్డు చేసి పరిశీలించిన పరిశోధకులు కూడా ఈ ప్రశ్నకు పిల్లలు చెప్పే జవాబు ఆధారపడదగినది కాదనీ, కొంత బాగా చదివే పిల్లలే "నాకు అర్థం కాలేదు" అని ధైర్యంగా చెప్పగలరనీ గమనించారు. ఏది అర్థం కాలేదో చెప్పాలంటే ముందు సగమైనా అర్థమై ఉండాలి కదా. వెనుకబడిన పిల్లలకు ఆ సగం కూడా చేతిలో ఉండదు.

మా అమ్మాయి విషయంలో అసలు చిక్కు చాలా చిన్నది. 5 − (x − 3) అనే రాశిలో బ్రాకెట్టు తీసివేసేటప్పుడు 5 − x − 3 అని రాసేది. బయట ఉన్న మైనస్ గుర్తు బ్రాకెట్టులోని మొదటి పదానికి మాత్రమే వర్తిస్తుందని ఎప్పుడో, ఎలాగో మనసులో నాటుకుపోయింది. ఈ ఒక్క తప్పు సమీకరణాల్లో, బహుపదుల్లో, క్షేత్రగణితంలో కూడా వేరు వేరు వేషాలలో కనిపించేది. మాస్టారు ప్రతిసారీ చివరి జవాబు పక్కన ఎర్ర గీత పెట్టి సరైన జవాబు రాసేవారు. ఆమె దాన్ని చూసి రాసుకునేది. తప్పు ఎక్కడ పుట్టిందో ఆ ఏడాదంతా ఎవరూ చూడలేదు. ఇందులో మాస్టారిని తప్పుపట్టడం న్యాయం కాదనుకుంటాను. ఆయన బోర్డు మీద ఒక్క అక్షరం రాయకుండా 90 నిమిషాలూ పిల్లల పక్కనే కూర్చున్నా, 14 మందికి పంచితే ఒక్కొక్కరికి ఆరున్నర నిమిషాలకు మించి రావు. బ్యాచ్ పెరిగేకొద్దీ ట్యూషన్ మరో తరగతి గదిగా మారిపోతుంది. తరగతి గదిలో దొరకనిది అక్కడ కూడా దొరకదు.

ఇక ఆన్‌లైన్ సంస్థ సంగతి. డెమో క్లాసు అద్భుతంగా సాగింది, డబ్బు కట్టిన తరువాత వచ్చిన టీచరు మాత్రం వేరు. మొదటి రెండు నెలల్లో ముగ్గురు మారారు. ఇది చాలా పెద్ద లోపం. పిల్లల తప్పులను గుర్తుపెట్టుకోవడానికి ఒక టీచరుకు కొన్ని వారాలు పడుతుంది. ఆ జ్ఞాపకం కాస్త పోగయ్యేలోగా మనిషిని మార్చేస్తే ఇద్దరి శ్రమా వృథా అవుతుంది. మొదటి ఇద్దరూ సిద్ధం చేసిన స్లైడ్లను తెరమీద చూపిస్తూ చదివి వినిపించేవారు. కెమెరాలో అమ్మాయి ముఖం కనబడేది, ఆమె చేతిలోని పెన్ను కనబడేది కాదు. ట్యూషన్ కేంద్రంలో బోర్డు చేసిన పనినే ఇక్కడ తెర చేస్తోందని అనిపించి, మానిపించడానికి దాదాపు సిద్ధపడ్డాము.

మూడో టీచరు వచ్చిన మొదటి రోజే ఒక చిన్న మార్పు అడిగారు. ఫోనును నాలుగు పుస్తకాల దొంతర అంచున పెట్టి, దాని కెమెరా నోటుపుస్తకం వైపు వంగేలా అమర్చమన్నారు. "నాకు నీ ముఖం కంటే నీ పెన్ను కనబడాలమ్మా" అన్నారు. ఆ తరువాత ఒక లెక్క ఇచ్చి ఊరుకున్నారు. అమ్మాయి రెండో వరుసలోనే తన పాత తప్పు చేసింది. టీచరు ఆపలేదు. చివరి వరకూ చేయనిచ్చి, "ఇప్పుడు x బదులు 1 పెట్టి, నువ్వు మొదలుపెట్టిన రాశి ఎంతో, బ్రాకెట్టు తీసిన తరువాతి రాశి ఎంతో విడివిడిగా చూడు" అన్నారు. మొదటి దానికి 7 వచ్చింది, రెండో దానికి 1 వచ్చింది. అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. పక్క గదిలో ఉన్న నాకు వెళ్లి చెప్పేయాలని ప్రాణం కొట్టుకుంది. టీచరు కూడా మాట్లాడలేదు. చివరికి అమ్మాయే, "మేడం, 3 తీసేసిన దాన్ని తీసేస్తున్నాం కదా, అంటే ఆ 3 తిరిగి రావాలి కదా" అంది. "తిరిగి రావాలి" అన్న మాట ఏ పుస్తకంలోనూ లేదు. అది ఆమె సొంతం. ఆ తప్పు మళ్లీ రాలేదని చెప్పను. అప్పుడప్పుడూ వచ్చింది, కాని వచ్చినప్పుడల్లా తానే పట్టుకుని కొట్టివేసింది.

ఆ మౌనం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ట్యూషన్ బాగుందో లేదో నిర్ణయించడానికి నేను ఇప్పుడు మొదట చూసేది దాన్నే. తరగతి గదులను పరిశీలించిన మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970లలో ఒక విషయం బయటపెట్టారు. ప్రశ్న అడిగిన తరువాత ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారనీ, దాన్ని 3 సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు నిడివిలోనూ ఆలోచనలోనూ మెరుగుపడుతున్నాయనీ ఆమె చూపించారు. ఆన్‌లైన్‌లో ఈ ఆగడం ఇంకా కష్టం. నిశ్శబ్దం రాగానే కనెక్షన్ తెగిందేమోనని రెండు వైపులా కంగారు పడతారు, ఆ కంగారులో టీచరే జవాబు చెప్పేస్తారు. మా టీచరు దీనికి మొదటి వారంలోనే మందు వేశారు. "నేను మాట్లాడకపోతే నెట్ పోయిందనుకోకు, నీ కోసం ఆగానని అనుకో" అని అమ్మాయికి చెప్పి పెట్టారు. మిషెలీన్ చీ అనే పరిశోధకురాలి బృందం 2001లో ప్రచురించిన ప్రయోగంలో, వివరించడం మానుకుని కేవలం ప్రశ్నలతో, ప్రోత్సాహంతో నడిపించమని ట్యూటర్లకు చెప్పి చూశారు. అప్పుడు కూడా విద్యార్థులు వివరణలు విన్నవారితో సమానంగా నేర్చుకున్నారు. బాగా వివరించగల టీచరు కోసం వెతికిన నాకు ఇది తెలియడానికి ఒక సంవత్సరం పట్టింది.

ఒకరికి ఒకరు చెప్పే ట్యూషన్ గురించి ప్రకటనల్లో గొప్పగా చెప్పే లెక్క బెంజమిన్ బ్లూమ్ అనే విద్యా పరిశోధకుడు 1984లో రాసిన వ్యాసం నుంచి వచ్చింది. ఒక్కరికే ట్యూషన్ ఇచ్చి, ఒక పాఠం పూర్తిగా వచ్చాకే తరువాతి దానికి పంపిన విద్యార్థుల్లో సగటు విద్యార్థి, మామూలు తరగతిలోని 98 శాతం మందిని మించాడని అందులో ఉంది. దీన్ని చూసి ఆశలు పెంచుకోవద్దని తోటి తల్లిదండ్రులను కోరుతున్నాను. విద్యార్థులను లాటరీ పద్ధతిలో విభజించి చేసిన 96 ప్రయోగాలను కలిపి 2020లో లెక్కగట్టినప్పుడు, సగటు ప్రభావం 0.37 ప్రామాణిక విచలనంగా (మార్కులు సగటు నుంచి ఎంత చెదిరి ఉంటాయో చూపే కొలత) తేలింది. అంటే నూరు మందిలో సరిగ్గా మధ్యలో ఉన్న విద్యార్థి దాదాపు 64 మందిని దాటే స్థితికి వస్తాడు. విద్యలో ఇది చాలా మంచి ఫలితమే. కాని మధ్యలో ఉన్నవాణ్ణి మొదటి ర్యాంకుకు చేర్చే మంత్రం మాత్రం ఇందులో లేదు. శిక్షణ పొందిన ఉపాధ్యాయులు చెప్పినప్పుడు, బడి వేళల్లోనే జరిపినప్పుడు ఫలితం ఎక్కువగా ఉందని అదే పరిశీలన చెప్పింది. రోజంతా బడిలో అలిసిపోయి సాయంత్రం మళ్లీ 90 నిమిషాలు కూర్చునే పిల్లల పరిస్థితి చూసినవారికి ఇది ఆశ్చర్యం కలిగించదు.

తెరమీద చెప్పే చదువు అసలు పనిచేస్తుందా అన్న అనుమానం నాకూ ఉండేది. 2020లో ఇటలీలో బడులు మూతపడినప్పుడు విశ్వవిద్యాలయ విద్యార్థులు స్వచ్ఛందంగా మాధ్యమిక పాఠశాల పిల్లలకు ఆన్‌లైన్‌లో ఒక్కొక్కరికి విడిగా పాఠాలు చెప్పారు. వారానికి కొద్ది గంటలే అయినా పిల్లల ఫలితాలు 0.26 ప్రామాణిక విచలనం మేరకు మెరుగుపడ్డాయి. అదే కాలంలో బోట్స్వానాలో తెర కూడా లేకుండా, మామూలు ఫోనులో వారానికి సుమారు 20 నిమిషాలు మాట్లాడి, సంక్షిప్త సందేశాలలో లెక్కలు పంపితే కూడా కొలవదగిన మేలు జరిగింది. ఈ ప్రయోగాల గురించి తెలుసుకున్న తరువాత సాధనం గురించి వాదించడం మానేశాను.

పాఠాన్ని ఎలా అమర్చారన్నది మాత్రం తప్పక చూడాలి. మా టీచరు వారానికి మూడు రోజులు, రోజుకు 45 నిమిషాలు చెబుతారు. ప్రతి క్లాసూ నోట్సు చూడకుండా చేయవలసిన నాలుగు లెక్కలతో మొదలవుతుంది: మూడు గత వారానివి, ఒకటి నెల క్రితంది. ఇది కేవలం మర్చిపోయారో లేదో చూసే పరీక్ష కాదు. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. ఒక వారం తరువాత మాత్రం, చదివిన దాన్ని గుర్తుచేసుకుని రాసినవారే ముందుకు వచ్చారు. ట్యూషన్ కేంద్రంలో పూర్తయిన అధ్యాయం మళ్లీ పరీక్షల ముందు వరకూ కనిపించేది కాదు. అప్పటికి అది కొత్త పాఠంలా ఉండేది.

నేరుగా చెప్పే ట్యూషన్‌కే మొగ్గు చూపవలసిన సందర్భాలు ఉన్నాయి. మా అబ్బాయి రెండో తరగతి. వాడిని తెర ముందు పది నిమిషాలు కూర్చోబెట్టడం కూడా మంచిది కాదని అనుభవంతో తెలుసుకున్నాము. వాడు బల్ల కింద వేళ్లు లెక్కపెడుతున్నాడో లేదో పక్కన కూర్చున్న మనిషికే తెలుస్తుంది. వృత్తలేఖినితో నిర్మాణాలు నేర్పేటప్పుడు మా అమ్మాయి విషయంలో కూడా ఆన్‌లైన్ క్లాసు తడబడింది. ముల్లు ఎక్కడ జారుతోందో కెమెరాలో కనబడక రెండు క్లాసులు పోయాయి. నెట్ సరిగా లేని రోజున 45 నిమిషాల్లో పది నిమిషాలు "వినబడుతోందా?" అన్న మాటకే ఖర్చవుతాయి.

ఆన్‌లైన్ సంస్థ ప్రతి నెలా పంపే నివేదిక నాకు ఏమాత్రం ఉపయోగపడలేదు. ఎన్ని నిమిషాలు లాగిన్ అయ్యారు, ఎన్ని వీడియోలు చూశారు, ఎన్ని పాఠాలు "పూర్తయ్యాయి" అన్నవి పచ్చరంగు గీతలతో ఉంటాయి. బిడ్డ ఏ తప్పు మానుకుంది, ఏ తప్పు ఇంకా చేస్తోంది అన్న ఒక్క వాక్యం ఉండదు. చివరికి టీచరునే అడిగితే, వారానికి ఒకసారి అమ్మాయి తప్పుగా చేసిన లెక్క ఒకటి ఫోటో తీసి, కింద రెండు వాక్యాలు రాసి పంపడం మొదలుపెట్టారు. ఆ రెండు వాక్యాల్లో ఉన్న సమాచారం పన్నెండు పేజీల నివేదికలో లేదు. ఆ పని ఆమె తన సమయంలో చేస్తున్నారు, సంస్థ దాన్ని గుర్తించినట్టు కనబడదు. నాకు బాధగా ఉంది.

ఫలితం గురించి కూడా ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఏడో తరగతి చివర 52 వచ్చిన చోట ఎనిమిదో తరగతి చివర 71 వచ్చింది. ఈ సంవత్సరం బడిలోనూ లెక్కల టీచరు మారారు కాబట్టి, మొత్తం ఘనత ట్యూషన్‌కే ఇవ్వలేను. ట్యూషన్ లేని రోజుల్లో కూడా బడి హోంవర్కు తనంతట తాను మొదలుపెట్టడం, తప్పు వచ్చినప్పుడు రబ్బరు తీసుకోకుండా పై వరుసకు వెళ్లి చూడడం మాత్రం నిస్సందేహంగా ఈ టీచరు నేర్పినవే.

డెమో క్లాసుకు వెళ్లేవారు గడియారం పెట్టుకుని ఒక్క లెక్క తీయండి: ఎన్ని నిమిషాలు టీచరు మాట్లాడారు, ఎన్ని నిమిషాలు మీ బిడ్డ పెన్ను కదిలింది. ఆ తరువాత, డెమో చెప్పినవారే రేపు కూడా వస్తారా అని రాతపూర్వకంగా అడగండి. మేము ఈ రెండూ అడగకుండా డబ్బు కట్టాము.

కిందటి నెల టీచరే ఫోను చేసి, వారానికి మూడు క్లాసులు ఇక అవసరం లేదనీ, మూడో రోజు పని అమ్మాయి ఒంటరిగా చేసుకోగలదనీ చెప్పారు. సంస్థవారు మాత్రం ఐదు రోజుల ప్యాకేజీ తీసుకోమని రెండుసార్లు మాట్లాడారు. మేము అదే టీచరు దగ్గర, రెండు రోజులకే కొనసాగిస్తున్నాము.