పర్మిషన్ ఉన్న లిబియానా, పర్మిషన్ లేని కంబోడియానా, ఏది మేలు?

పక్క దేశాన్ని ఏలేవాడు ఎంత రాక్షసుడైనా సైన్యంతో వెళ్లి దించేయొచ్చా అంటే యూఎన్ చార్టర్ (ఐక్యరాజ్యసమితి మూల ఒప్పందం) ఆర్టికల్ 2(4) కుదరదనే చెప్తుంది. ఉన్నవి రెండే మినహాయింపులు, మన మీద దాడి జరిగితే ఆత్మరక్షణ, లేదంటే భద్రతా మండలి పర్మిషన్. మరి పర్మిషన్ ఒక్కటుంటే సరిపోతుందా?

లిబియా విషయంలో పర్మిషన్ ఉంది. 2011 మార్చి 17న 1973 నంబర్ తీర్మానానికి 10 దేశాలు ఓటేశాయి, మన ఇండియాతో కలిపి 5 దేశాలు ఓటింగ్‌కి దూరంగా ఉన్నాయి. అందులో రాసింది పౌరుల్ని కాపాడమని, అక్కడి పాలకుడు గడాఫీని దించమని ఎక్కడా లేదు. కానీ అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో విమానాలు ఆయన ప్రభుత్వం కూలిపోయేదాకా ఆగలేదు, అక్టోబర్ 20న సిర్తే నుంచి పారిపోతుంటే కాన్వాయ్ మీద బాంబులేశారు, తూములో దాక్కున్న మనిషిని తిరుగుబాటుదారులు బయటికి లాగి చంపేశారు. అక్టోబర్ 31కి నాటో ఆపరేషన్ క్లోజ్ చేసేసింది. తర్వాత దేశాన్ని ఎవరు నడపాలో, ఆ తుపాకులన్నీ ఎవరు వెనక్కి తీసుకోవాలో పట్టించుకున్న నాథుడు లేడు. 2014 కల్లా రెండు ప్రభుత్వాలు, మళ్లీ యుద్ధం. అదే సిర్తేలో యూనివర్సిటీలో పాఠాలు చెప్పుకునే ఇద్దరు తెలుగు ప్రొఫెసర్లని 2015లో ఎత్తుకెళ్తే, వాళ్లు బయటపడేసరికి ఏడాది దాటింది. ఇక్కడ వాళ్ల ఇళ్లల్లో ఆ ఏడాది ఎలా గడిచుంటుందో తల్చుకుంటేనే గుండె తరుక్కుపోతుంది.

కంబోడియాలో పర్మిషన్ లేదు. పోల్‌పాట్ పాలనలో నాలుగేళ్లు కూడా నిండకుండానే 15 లక్షలకు పైగా జనం పోయారు, సరిహద్దు దాటొచ్చి వియత్నాం ఊళ్లని కూడా ఊచకోత కోశారు. 1978 డిసెంబర్ చివర్లో వియత్నాం సైన్యం దిగింది, జనవరి 7కి రాజధాని చేతికొచ్చింది, చంపడాలు ఆగాయి. ఆత్మరక్షణ వరకు ఒప్పుకోవచ్చు, కానీ ప్రభుత్వాన్నే మార్చేసి 1989 దాకా అక్కడే కూర్చోవడం ఆత్మరక్షణ కిందికి రాదు. అయినా యూఎన్ చేసింది ఇంకా ఘోరం, తన సభలో కంబోడియా సీటుని పోల్‌పాట్ వర్గానికే ఉంచింది! 1980లో కొత్త ప్రభుత్వాన్ని గుర్తించిన కొద్ది దేశాల్లో మనం ఉన్నాం, అది సరైన పనే.

అక్కడి జనం వైపు నుంచి చూస్తే నా ఓటు కంబోడియాకే, ప్రాణాలు దక్కాయి కాబట్టి. అలాగని పర్మిషన్ అక్కర్లేదనను, ఆ దారి తెరిస్తే 2003లో అమెరికా ఇరాక్ మీద పడ్డట్టు బలమున్న ప్రతివాడూ ఏదో ఒక సాకుతో దిగుతాడు. లిబియాలో ఇచ్చిన పర్మిషన్‌ని హద్దు దాటించడం మాత్రం క్షమించలేం, ఎందుకంటే అదే 2011 అక్టోబర్‌లో, సిరియా ప్రభుత్వం జనాన్ని అణచేయడాన్ని ఖండించే తీర్మానం భద్రతా మండలికి వచ్చినప్పుడు లిబియానే చూపించి రష్యా వీటో కొట్టింది, చైనా కూడా కలిసింది, ఆ దెబ్బ తిన్నది సిరియా జనం.