ఫ్లోరిడా అడవిలో రాత్రి పడకకి ఏది మేలు: టెంటా, ఉయ్యాలా?

టాంపాలో ఎవరితోనైనా "అడవిలో ఒక రాత్రి పడుకుందామనుకుంటున్నా" అని చూడండి. వెంటనే వచ్చే సలహా ఒక్కటే: టెంట్ కొనకు, హ్యామక్ కొనుక్కో. రెండు చెట్ల మధ్య ఉయ్యాల కట్టుకుంటే కింద నీళ్ళున్నా, చీమలున్నా, పామున్నా నీకేం సంబంధం లేదంటారు. వినడానికి బాగానే ఉంటుంది. నేనూ విని కొన్నాను. మూడు చలికాలాలు రెండూ మార్చి మార్చి మోశాను. ఇప్పుడు నన్నడిగితే మాత్రం టెంటే అంటాను. అయితే ఉయ్యాల పార్టీ వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. వాళ్ళ లెక్క సరైనదే, నెలలే తేడా.

కారు పక్కనే డేరా వేసుకుని, కరెంటు ప్లగ్గు దగ్గర ఫోన్ చార్జింగ్ పెట్టుకునే క్యాంపింగ్ గురించి కాదు నేను మాట్లాడేది. ఇక్కడి స్టేట్ ఫారెస్టుల్లో 'ప్రిమిటివ్ సైట్లు' ఉంటాయి. సామానంతా వీపున వేసుకుని నడిచి వెళ్తే చెట్ల మధ్య కాస్త చదునైన జాగా, ఒక మంట గుంట, అదృష్టం బాగుంటే ఓ చెక్క బెంచీ. అంతే. కుళాయి లేదు, లైటు లేదు, బాత్రూం లేదు. చిన్న పార ఒకటి తీసుకెళ్ళి, నీటికి 200 అడుగుల దూరాన, ఆరేడు అంగుళాల లోతు గుంట తవ్వుకోవడమే. మా ఆవిడ మొదటిసారి ఈ పార చూసి "ఇదెందుకు?" అంది. చెప్పాక కాసేపు మాట్లాడలేదు.

నేను ఎక్కువగా వెళ్ళేవి రెండు అడవులు. ఒకటి ఓర్లాండోకి ఈశాన్యంగా, ఒవీడో ఊరు దాటాక వచ్చే లిటిల్ బిగ్ ఈకాన్ స్టేట్ ఫారెస్ట్. ఈకాన్లాకహాచీ అనే నది దాని మధ్యలోంచి పోతుంది. ఆకులు నాని నాని నీళ్ళు డికాక్షన్ రంగులో ఉంటాయి. ఫిల్టర్ చేస్తే క్రిములు పోతాయి గానీ రంగు పోదు. చెట్ల మీద నారింజ రంగు గుర్తులు చూసుకుంటూ ఫ్లోరిడా ట్రెయిల్ అనే కాలిబాట మీద నది ఒడ్డునే నడవచ్చు. రెండోది టాంపాకి ఉత్తరాన విత్‌లకూచీ స్టేట్ ఫారెస్ట్‌లోని సిట్రస్ ట్రాక్ట్. నది పేరు పెట్టుకున్న అడవే గానీ, ఈ ముక్కలో నది జాడే ఉండదు. ఇసుక దిబ్బలు, పొడవాటి పైన్ చెట్లు, నాలుగు లూపులుగా నలభై మైళ్ళకి కాస్త తక్కువ కాలిబాట, దారిలో తాగడానికి చుక్క నీరు ఉండదు. ఒకటి తడి అడవి, ఇంకోటి పొడి అడవి. దేంట్లో పడుకోవాలన్నది సగం ఇక్కడే తేలిపోతుంది.

ముందు ఉయ్యాల గొప్పలు ఒప్పుకుంటాను. ఈకాన్ పక్కన నా మొదటి రాత్రి టెంట్‌లోనే. ఆఫీసు అయ్యాక బయల్దేరితే సైటుకి చేరేసరికే చీకటి పడింది. హెడ్‌ల్యాంప్ వెలుగులో చదునుగా కనిపించిన చోట టెంట్ పరిచేశాను. పొద్దున లేచి చెప్పులేసుకుందామని కాలు బయటపెడితే మడమ దగ్గర అగ్గిపుల్ల గీసినట్టయింది. టెంట్ మూల కింద ఫైర్ యాంట్ల పుట్ట ఉంది. పుట్ట అంటే మన చెదపుట్టలా ఎత్తుగా ఉండదు, గుప్పెడు ఇసుక పొడిపొడిగా పోసినట్టుంటుంది, అంతే. ఒక్క చీమ కుట్టి ఊరుకోదు, ఎక్కాల్సినవన్నీ ఎక్కాక కలిసికట్టుగా కుడతాయి. మర్నాటికి ఒక్కో కాటు మీదా తెల్లటి చీము పొక్కు. వారం రోజులు ఆఫీసుకి చెప్పుల్లోనే వెళ్ళాను. ఉయ్యాలలో పడుకునేవాడికి ఈ గొడవ లేదు.

ఇసుకలో ఇంకో శత్రువు శాండ్‌స్పర్, అచ్చం మన పల్లేరుకాయల్లాంటి ముళ్ళ కాయలు. గాలి పరుపు కింద ఒక్కటి ఇరుక్కుంటే రాత్రి రెండింటికి నేల మీదికి దిగిపోతాం. ఇక వాన సంగతి. ఈకాన్ చుట్టుపక్కల చాలాచోట్ల నేల నీళ్ళని తొందరగా పీల్చుకోదు. పెద్ద వాన పడితే నది కాలిబాట మీదికి కూడా వస్తుంది. అలాంటి చోట నేలకి రెండడుగుల పైన వేలాడే వాడే రాజు.

ఉయ్యాల అంటే ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకి ఒక్క మాట. చిన్నప్పుడు దూలానికి చీర కట్టి పాపాయిని పడుకోబెట్టే ఉయ్యాల గుర్తుంది కదా, అదే పెద్దవాళ్ళ సైజులో. నిలువుగా పడుకుంటే వదులైన నవారు మంచంలా నడుం విరుగుతుంది. కాస్త ఐమూలగా పడుకుంటే బట్ట సాగి చదునవుతుంది. ఆ కిటుకు తెలిశాక నాకు పట్టిన నిద్ర టెంట్‌లో ఎప్పుడూ పట్టలేదు, అది నిజం. (ఫ్లోరిడాలో 'హ్యామక్' అనే మాటకి ఇంకో అర్థం కూడా ఉంది: ఓక్, పామ్ చెట్లు గుబురుగా పెరిగిన మెరక అడవిముక్క. మ్యాపులో ఆ మాట చూసి ఉయ్యాలలు కట్టుకునే చోటనుకున్నాను. వెళ్ళి చూస్తే నిజంగానే చెట్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి, కాబట్టి పెద్దగా మోసపోలేదు.)

మరి ఇన్ని లాభాలుండి టెంట్ ఎందుకంటే, క్యాలెండర్ చూడాలి. సెంట్రల్ ఫ్లోరిడాలో ఏడాది వానలో సగానికి పైగా జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నాలుగు నెలల్లోనే కురుస్తుంది. తడి నేల, దోమలు, ఉక్కపోత, దాదాపు ప్రతి మధ్యాహ్నం ఉరుములు మెరుపులు అన్నీ అప్పుడే. అమెరికాలో పిడుగులు బాగా పడే ప్రాంతాల్లో టాంపా, ఓర్లాండో మధ్యనున్న ఈ పట్టీ ఒకటి. ఆ నెలల్లో అడవిలో రాత్రిళ్ళు ఎవరుంటారు? అర్ధరాత్రి కూడా చెమట ఆరదు. ఉయ్యాల నిజంగా గెలిచే కాలమది, మనం ఇంట్లో ఏసీ కింద ఉండే కాలమూ అదే. మనం వెళ్ళేది నవంబర్ నుంచి మార్చి దాకా. అప్పుడు నేల పొడిగా ఉంటుంది, దోమలు పలచబడతాయి, చలి మొదలవుతుంది. చలిలో ఉయ్యాల పనికొస్తుందా అన్నదే అసలు ప్రశ్న.

ఫ్లోరిడాలో చలేమిటని నవ్వకండి. జనవరిలో సిట్రస్ ట్రాక్ట్‌లో తెల్లవారుజామున 40 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో నాలుగైదు డిగ్రీలు, అంతకన్నా కిందికి దిగిన రాత్రులూ చూశాను. స్లీపింగ్ బ్యాగ్ ఉంది కదా అనుకుని ఉయ్యాలెక్కాను. పైన వెచ్చగానే ఉంది. వీపు కింద మాత్రం ఐసు పెట్టినట్టుంది. మన బరువుకి బ్యాగ్ అడుగునున్న దూది నలిగిపోతుంది, నలిగిన దూదిలో గాలి నిలవదు, గాలి లేకపోతే వెచ్చదనం లేదు. దానికి తోడు కింద నుంచి చల్లగాలి దొర్లుకుంటూ పోతుంది. మూడింటికి లేచి, ఉన్న బట్టలన్నీ వేసుకుని మంట గుంట పక్కన కూర్చుని తెల్లారేదాకా టీ కాచుకున్నాను. దీనికి మందు అండర్‌క్విల్ట్, అంటే ఉయ్యాలకి కిందివైపు బయట వేలాడదీసే బొంత. నేను కొన్నదానికి ఉయ్యాల, వానకి పైన కట్టే టార్ప్ అనే పట్టా రెండూ కలిపినదాని కన్నా ఎక్కువే అయింది. చవకని ఉయ్యాల కొన్నవాడి సంబరం అక్కడితో సరి.

బరువు సంగతి కూడా అంతే. ఇండియా వెళ్ళేటప్పుడు సూట్‌కేసులు తూచే చేతి కాటా ఉంది కదా, దానికే అన్నీ తగిలించి చూశాను. ఉయ్యాల అరకిలో, పట్టీలు 300 గ్రాములు, దోమతెర 300, టార్ప్ అరకిలో, కింది బొంత 600. మొత్తం రెండు కిలోల 200 గ్రాములు, అదీ ఒక్క మనిషికి. ఇద్దరు పట్టే టెంట్ పుల్లలూ మేకులతో సహా 1.9 కిలోలు, రెండు పరుపులు 900 గ్రాములు. ఇద్దరు పంచుకుంటే తలా 1.4. ఒంటరిగా వెళ్ళేవాడికి రెండూ దాదాపు ఒకటే. అయినా సిట్రస్‌కి వెళ్ళేవాళ్ళు ఈ గ్రాముల గురించి కొట్టుకోవడం నాకు నవ్వొస్తుంది. దారిలో నీళ్ళుండవు కాబట్టి హోల్డర్ మైన్ అనే క్యాంప్‌గ్రౌండ్ దగ్గర బయల్దేరేటప్పుడే ఒక్కొక్కరం నాలుగు లీటర్లు నింపుకుంటాం. అంటే నాలుగు కిలోలు. దాని ముందు టెంట్ బరువెంత?

చెట్ల విషయం కొన్నాక గానీ తెలియదు. ఉయ్యాలకి పన్నెండు, పదిహేను అడుగుల దూరంలో గట్టి చెట్లు రెండు కావాలి. ఈకాన్ దగ్గర కావలసినన్ని. సిట్రస్‌లో పైన్ చెట్లు దూరదూరంగా ఉంటాయి, మధ్యలో పెరిగే టర్కీ ఓక్‌లు చాలావరకు చేతికర్రంత లావే. పైగా ఈ పైన్ అడవి మంట లేకపోతే బతకదు. అందుకే ఫారెస్ట్ వాళ్ళు కొన్నేళ్ళకోసారి కావాలనే తగలబెడతారు. దాంతో మొదళ్ళన్నీ నడుమెత్తు దాకా నల్లగా బొగ్గయి ఉంటాయి. పట్టీ చుట్టి విప్పేసరికి పట్టీ, చేతులు, చొక్కా అన్నీ పొయ్యిలో దూరొచ్చినట్టే. ఇంకో జాగ్రత్త: కొన్ని పైన్ చెట్లకి తొర్ర, దాని కింద కొవ్వొత్తి కారినట్టు తెల్లటి జిగురు ధారలు కనిపిస్తాయి. అది రెడ్ కాకేడెడ్ అనే వడ్రంగి పిట్ట ఇల్లు. పాములు పైకెక్కకుండా ఆ పిట్టే చెట్టుకి గాట్లు పెట్టి జిగురు కారేలా చేస్తుంది. ఆ చెట్ల జోలికి పోకూడదు. ఎక్కడైనా సరే తాడు కట్టకూడదు, కనీసం అంగుళం వెడల్పున్న పట్టీలే వాడాలి.

అలాగని టెంట్‌కి తలనొప్పులు లేవనుకోకండి. ఈ రాష్ట్రంలో గాలిలో తేమ చలికాలంలోనూ ఎక్కువే. తెల్లారేసరికి పైకప్పు గుడ్డ లోపలా బయటా ఉతికి ఆరేసినట్టు ఉంటుంది, తల తగిలితే మెడలోకి చుక్కలు. నేను ఒక పాత తువ్వాలు దానికోసమే తీసుకెళ్తాను. రెండు తలుపులూ పైన కాస్త తెరిచి పెడితే సగం తగ్గుతుంది. టార్ప్ కింద ఉయ్యాలకి రెండు వైపులా గాలి ఆడుతుంది కాబట్టి ఈ బాధ తక్కువ. ఇసుకలో టెంట్‌తో వచ్చే సన్నటి మేకులు వేలితో లాగితే వచ్చేస్తాయి. సంచిలో ఇసుక నింపి దానికి తాడు కట్టి పూడ్చడమే మార్గం. కింద పట్టా వేసేటప్పుడు అది టెంట్ అంచుల లోపలే ఉండాలి. బయటికొస్తే వాన నీళ్ళన్నీ పట్టుకుని మన కిందకే చేరుస్తుంది. చీకటి పడకముందే చేరి, కాలితో నేలంతా తడిమి, పుట్ట లేదని చూశాకే విప్పాలి. చీమల విషయంలో తప్పు టెంట్‌ది కాదు, ఆలస్యంగా బయల్దేరిన నాది.

ఇక భయం. ఒకసారి మా బావమరిది, నేను ఈకాన్ దగ్గర చెరో ఉయ్యాలలో పడుకున్నాం. అర్ధరాత్రి ఎండుటాకుల్లో బరబరమని చప్పుడు. "బావా, ఎలుగుబంటి" అని గుసగుసగా అన్నాడు. ఆ అడవిలో నల్ల ఎలుగులున్న మాట నిజమే, అందుకే తిండి సంచి దూరంగా చెట్టుకి వేలాడదీస్తాం. నేను లైటు వేశాను. వాడి ఉయ్యాల కిందే ఒక ఆర్మడిల్లో తాపీగా పురుగుల కోసం తవ్వుకుంటోంది. మన అలుగుకి చుట్టంలా ఉంటుంది గానీ చుట్టరికం లేదు. అదేం చేయదు. అయినా వాడు ఆ రాత్రంతా కళ్ళు మూయలేదు. టెంట్ గుడ్డ పలచటిదే, దేన్నీ ఆపలేదని మనకీ తెలుసు. కానీ నాలుగు వైపులా గోడ ఉందనుకుంటే మనసు ఊరుకుంటుంది. తొమ్మిదేళ్ళ పిల్లతో వెళ్ళేవాడికి అది చిన్న విషయం కాదు. బట్టలు మార్చుకోవడానికి, వానలో పేకాడుకోవడానికి కూడా టెంట్‌లోనే వీలు.

ఉత్త టార్ప్ కట్టుకుని నేల మీద పడుకోవచ్చనే మూడో బృందం కూడా ఉంది. వాళ్ళు ఇక్కడి దోమల్ని ఇంకా కలవలేదనుకుంటాను. ఉయ్యాలలోనూ దోమతెర పైన మాత్రమే ఉంటే చాలదు. పలచటి నైలాన్ గుడ్డలోంచి కింద నుంచి కుడతాయి.

కాబట్టి ఒక్కటే కొనేట్టయితే రెండు తలుపులున్న, మేకులు లేకపోయినా తనంతట తాను నిలబడే టెంట్ కొనండి. ఒంటరిగా, ఏప్రిల్‌లోనో అక్టోబర్ చివర్లోనో, నది పక్కన పడుకునే అలవాటున్నవాళ్ళు ఉయ్యాలకే వెళ్ళండి. ఆ నెలల్లో కింది బొంత అక్కర్లేదు, దోమతెర మాత్రం తప్పదు. మా ఉయ్యాల ఇప్పటికీ వస్తూనే ఉంది, బొంత, టార్ప్, దోమతెర ఇంట్లో వదిలేసి. పట్టీలతో కలిపి 800 గ్రాములు. సాయంత్రం దాకా మా అమ్మాయిది, అది మంట దగ్గరికి చేరాక నాది.