మొదటి ఓపెనింగ్‌గా ఏది మేలు: ఇటాలియనా, లండనా?

తిరుపతిలో ఏ ఆదివారం చెస్ టోర్నమెంట్ జరిగినా, హాలు బయట కూర్చున్న తల్లిదండ్రులు నన్ను అడిగేది ఒకటే: "సార్, మావోడికి తెల్లపావులతో ఏ ఓపెనింగ్ నేర్పించాలి?" ఓపెనింగ్ అంటే ఆట మొదట్లో వేసే ఎత్తుల వరస. ఈమధ్య జవాబు కూడా వాళ్లే తెస్తున్నారు. "లండన్ అయితే రెండు వారాల్లో వచ్చేస్తాదంట కదా సార్!" యూట్యూబ్‌లో దాని మీద బోలెడు వీడియోలు ఉన్నాయి, కాబట్టి ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తూనే ఉంది. పావుల నడక, క్యాసిలింగ్ (రాజును ఏనుగు చాటుకు చేర్చే ఎత్తు) వచ్చి, ఆట మొదలుపెట్టి ఇంకా ఏడాది నిండని పిల్లలను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

లండన్‌ను తక్కువ చేసి మాట్లాడను. డీ4, బిషప్ ఎఫ్4, ఈ3, గుర్రం ఎఫ్3, బిషప్ డీ3, సీ3, రెండో గుర్రం డీ2, ఆపైన క్యాసిలింగ్. (డీ4 అంటే డీ అనే నిలువు వరసలో నాలుగో గడి; పావు పేరు చెప్పకపోతే అది బంటు ఎత్తు.) ఎదుటివాళ్లు ఏం ఆడినా దాదాపు ఇదే అమరిక. గుర్తుపెట్టుకోవాల్సింది తక్కువ, పది ఎత్తుల్లోపే కుప్పకూలడం అరుదు. మొదటి టోర్నీకి వెళ్లే పిల్లకు సగం టెన్షన్ అక్కడే పోతుంది. పెద్ద ఆటగాళ్లు పట్టించుకోని ఓపెనింగ్ కూడా కాదు. 1922 నాటి లండన్ టోర్నమెంట్ నుంచి దీనికి ఆ పేరు నిలిచింది. గ్రాండ్‌మాస్టర్ కామ్‌స్కీ దీన్ని ఏళ్ల తరబడి ఆడాడు, మాజీ ప్రపంచ చాంపియన్ కార్ల్‌సన్ ఆడాడు. 2023లో అస్తానాలో ప్రపంచ టైటిల్ పోరు ఆరో గేమ్‌లో డింగ్ లిరెన్ దీనితోనే నెపోమ్నిషిని ఓడించాడు.

ఇటాలియన్ సంగతి వేరు. మనం ఈ4, వాళ్లు ఈ5, మనం గుర్రం ఎఫ్3, వాళ్లు గుర్రం సీ6, మనం బిషప్ సీ4. నాలుగు వందల ఏళ్ల కిందటే ఇటలీ ఆటగాడు గ్రెకో దీని మీద ఆటలు రాసిపెట్టాడు. మూడో ఎత్తుకే బిషప్ చూపు ఎఫ్7 మీద పడుతుంది. ఆ బంటుకు కాపలా రాజు ఒక్కడే. అక్కడినుంచి రెండు వైపులా ఒకళ్ల పావుల మీదికి ఒకళ్లు వస్తూనే ఉంటారు.

నా లెక్కలో తేల్చాల్సింది ఒకటే: ఎదుటివాళ్లు వేసిన ఎత్తును మన పిల్ల చూస్తోందా, లేదా? మొదటి ఏడాదిలో అబ్బాల్సిన అలవాటు అదే. లండన్‌లో ఆ అలవాటు ఆలస్యం అవుతుంది, ఎందుకంటే చూడకపోయినా చాలాసార్లు నడిచిపోతుంది. చెయ్యి ముందు కదులుతుంది, కన్ను తర్వాత వెళ్తుంది.

ఒక్క ఉదాహరణ చెబుతాను. డీ4కి ఎదుటివాడు గుర్రం ఎఫ్6 ఆడాడు. మన బిషప్ ఎఫ్4కి వెళ్లింది. అతను సీ5, మనం ఈ3, అతను మంత్రిని (క్వీన్‌ను) బీ6కి తెచ్చాడు. బిషప్ సీ1 వదిలి వచ్చేసింది కాబట్టి బీ2 బంటుకు ఇప్పుడు కాపలా లేదు. కానీ లిస్టులో తర్వాతి ఎత్తు గుర్రం ఎఫ్3 కదా, పిల్లవాడు అదే వేస్తాడు. మంత్రి బీ2లో బంటును తినేసి, మూలనున్న ఏనుగు మీద కూడా పడుతుంది. రెండో గుర్రాన్ని డీ2కి తెచ్చి ఏనుగును కాపాడుకోవచ్చు గానీ, బంటు మాత్రం ఊరికే పోయినట్టే. దీన్ని ఆపడం కష్టమేమీ కాదు. నాలుగో ఎత్తుకు గుర్రాన్ని సీ3కి తెస్తే సరిపోతుంది. కాకపోతే ఆ ఎత్తు తట్టాలంటే ముందు ఎదుటి మంత్రి ఎక్కడికి వచ్చిందో చూడాలి. అలాగే నల్లపావులవాళ్లు జీ6 ఆడి బిషప్‌ను జీ7లో పెడితే, డీ3లో మనం పెట్టిన బిషప్‌కు హెచ్7 వైపు దారి ఉండదు. అమరిక అదే అయినా దాని పని మారిపోతుంది. కంఠస్థం పట్టిన పిల్లలకు ఇది తెలియడానికి చాలాకాలం పడుతుంది.

ఇటాలియన్‌లో చూడకుండా నడవదు. నల్లగుర్రం ఎఫ్6కి వచ్చాక మన గుర్రాన్ని జీ5కి పంపితే, గుర్రం, బిషప్ రెండూ ఎఫ్7 మీద గురిపెడతాయి. ఎదుటివాడు డీ5తో అడ్డుపెడతాడు, మన ఈ4 బంటు దాన్ని తింటుంది. ఇక్కడ చాలామంది పిల్లలు వెంటనే గుర్రంతో డీ5ను తినేస్తారు. అప్పుడు మన గుర్రం ఎఫ్7లోకి దూకుతుంది. మంత్రి, ఏనుగు రెండూ దాని గురిలో ఉంటాయి కాబట్టి రాజు దాన్ని తినక తప్పదు. మనం మంత్రిని ఎఫ్3కి తెచ్చి చెక్ చెబుతాం. డీ5లోని గుర్రాన్ని కాపాడుకోవాలంటే రాజు ఈ6కి, అంటే బోర్డు మధ్యకు రావాలి. ఫోర్క్ (ఒకే పావు రెండింటి మీద పడటం), పిన్ (రాజుకు అడ్డుగా ఉన్న పావు కదలలేకపోవడం), ఎదురుగా బయటపడ్డ రాజు, ఇవన్నీ పిల్లకు ఒక్క ఆటలో కళ్లకు కడతాయి. అవతల తెలిసినవాడైతే గుర్రంతో డీ5ను తినడు. గుర్రాన్ని ఏ5కి తెచ్చి మన బిషప్ మీద పడతాడు. అప్పుడు ఆలోచించే వంతు మనది: బీ5 నుంచి చెక్ ఇవ్వాలా, ఇస్తే ఆ తర్వాత బిషప్ ఎక్కడికి పోవాలి? గెలిచినా ఓడినా పిల్ల ఎత్తు ఎత్తుకూ లెక్క వేస్తూనే ఉంటుంది.

కాబట్టి నా ఓటు ఇటాలియన్‌కే. ఇంకో లాభం కూడా ఉంది. నల్లపావులతో ఆడేటప్పుడు ఈ4కి ఈ5 అనే జవాబు ఇవ్వమంటాను. అప్పుడు ఒకే ఓపెనింగ్‌ను బోర్డుకు అటువైపు నుంచి, ఇటువైపు నుంచి చూసినట్టవుతుంది.

దీని లోపం కూడా చెప్పాలి. ఈ4 ఆడినంత మాత్రాన ఎదుటివాళ్లు ఈ5 ఆడాలని లేదు. మన దగ్గర చిన్నపిల్లలు ఎక్కువగా ఈ5నే ఆడతారు. సప్తగిరి రైలెక్కి చెన్నై టోర్నీలకు వెళ్తే మాత్రం సిసిలియన్ (సీ5), ఫ్రెంచ్ (ఈ6) లాంటి జవాబులు ఎదురవుతాయి. మొదట్లో వాటికి ప్రత్యేకంగా ఏమీ చదివించను. మధ్యగడులు పట్టు, గుర్రాలు, బిషప్‌లు బయటికి తియ్యి, రాజును దాచు, అంతే. లండన్‌కు ఈ ఇబ్బంది లేదు, ఆ విషయంలో అదే మేలు.

మిగతా ఓపెనింగ్‌లలో రూయ్ లోపెజ్ గొప్పదే కానీ ఇటాలియన్ వచ్చాక ఎక్కాల్సిన తర్వాతి మెట్టు. క్వీన్స్ గాంబిట్ రెండో ఏడాదికి. స్కాచ్ ఆడించినా నష్టం లేదు. మంత్రిని రెండో ఎత్తుకే హెచ్5కి పంపే నాలుగెత్తుల మేట్ మాత్రం వద్దు. ఎదుటివాడికి జవాబు తెలిసిన రోజు మంత్రి బోర్డంతా పరుగులు పెట్టాల్సి వస్తుంది.

గుకేశ్ ఏ ఓపెనింగ్ ఆడతాడని కూడా అడుగుతారు. చెన్నైలో పెరిగిన తెలుగింటి కుర్రాడు కాబట్టి ఆ ఆసక్తి సహజమే. 2024 డిసెంబరులో సింగపూర్‌లో అతనికి ప్రపంచ టైటిల్ తెచ్చిన పద్నాలుగో గేమ్ 55వ ఎత్తులో తేలింది. అప్పటి చాంపియన్ డింగ్ ఏనుగును ఎఫ్2కి తెచ్చాడు. ఏనుగులు, బిషప్‌లు మారిపోయి రాజులు, బంట్లు మాత్రమే ఉండే చివరి దశ, అంటే బంట్ల ఎండ్‌గేమ్ మిగిలింది, అందులో గుకేశ్‌దే గెలుపు. అందుకే గంట క్లాసులో ఓపెనింగ్‌కు పావుగంట మించి ఇవ్వను. మిగతాది టాక్టిక్స్‌కు, బంట్ల ఎండ్‌గేమ్‌లకు.

ఆఫీసు పనులు అయ్యాక సరదాకు ఆడుకునే పెద్దవాళ్లకు మాత్రం లండన్ చక్కగా సరిపోతుంది. ఏడాది పాటు ఇటాలియన్ ఆడిన పిల్లలు కూడా దాన్ని రెండో ఓపెనింగ్‌గా హాయిగా పట్టుకోవచ్చు. ఎదుటివాళ్లు సీ5 ఆడగానే ఒక్కసారి బీ2 వైపు చూసుకోండి.